పేరా ప్రకారం

నవంబరు 9, ఆదివారం

యాభైకి నలభై నాలుగు. ఇది నేనంటున్న మాట కాదు, బస్సు కీ అంటున్న మాట.

నంద్యాలలో పరీక్ష రాసి తిరిగి వచ్చేటప్పుడు బస్సులోనే జవాబుల కీ తయారుచేయడం మా ఆళ్లగడ్డ బ్యాచ్ ఆచారం. బస్టాండు దాటగానే ప్రశ్నపత్రాలు బయటికి తీస్తాం. ఒక్కో ప్రశ్నకు ఎవరి జవాబు వాళ్ళు చెబుతారు. వాదన జరుగుతుంది. అందరి జవాబులూ, వాటిలో నెగ్గినదీ నేను నోటుబుక్కులో రాస్తాను. శిరివెళ్ల దాటేసరికి కీ పూర్తి కావాలి, ఆ తర్వాత మార్పుల్లేవు. నోటుబుక్కు ఎప్పుడూ నా దగ్గరే ఎందుకుంటుందని రఫీక్ ప్రతిసారీ అడుగుతాడు. గొంతు పెద్దది కాబట్టి అని లూదియా ప్రతిసారీ చెబుతుంది.

ఈసారి రాసింది చదివి అర్థం చేసుకునే పరీక్ష. ఐదు పేరాలు, పేరాకు పది ప్రశ్నలు. లెక్కలు లేవు, జనరల్ నాలెడ్జి లేదు. పెట్టింది ఒక ట్రస్టు. జిల్లా మొత్తానికి పన్నెండు సీట్లు. సీటొస్తే ఏడాదిపాటు నంద్యాలలో తిండి, గది, టీచరు ఉద్యోగానికి కోచింగు, అన్నీ ఉచితం. చదవడమే పరీక్ష అయినప్పుడు నాకు ఎదురెవరు? ఎనిమిదో తరగతి నుంచి చేతికందిన ప్రతి కరపత్రమూ చదివినవాణ్ణి. రైతు సంఘానివి, హేతువాదులవి, చర్చి వాళ్ళవి, ఆఖరికి మొలల డాక్టరువి కూడా. అన్నీ నాయన పరుపుల కొట్లో ఒక గోతాం నిండా ఉన్నాయి. "నీ కాగితాలు దిండులో కూరితే మెడనొప్పి తగ్గదురా, పెరుగుతాది," అంటాడు నాయన.

ఊరి నుంచి పోయింది నలుగురం. నేను, రఫీక్, లూదియా, సుమలత. సుమలతది కొత్తపల్లె అవతల చెంచు గూడెం. ఇక్కడ హాస్టల్లో ఉండి డిగ్రీ చేసింది. ఇప్పుడు లూదియా వాళ్ళింట్లో ఉంటూ శాంతయ్య సారు నడిపే చదువుగదిలో చిన్నపిల్లలకు అక్షరాలు చెబుతోంది.

ఇరవై ఏడో ప్రశ్న దగ్గర పెద్ద గొడవ. నల్లమలలో కొండతేనె తీసే పేరా. మనిషి నడుముకు తాడు కట్టుకుని చరియ మీద నుంచి దిగుతాడు. పైన తాడు పట్టుకునేది ఎవరు? ఒకటి, గూడెం పెద్దమనిషి. రెండు, దిగేవాని బావమరిది. మూడు, గూడెమంతా కలిసి. నాలుగు, ఎవరూ కాదు, చెట్టుకు కడతారు.

"మూడు," అన్నాను. "శ్రమ ఎప్పుడూ అందరిదీ."

"ఒకటి," అంది సుమలత.

రఫీక్ వెనక సీట్లోంచి తల ముందుకు పెట్టాడు. "నువ్వు గూడెందానివి గదమ్మా. నిజంగా పట్టుకునేదెవరు, చెప్పు?"

"బామ్మర్ది."

"మరి ఒకటెందుకు పెట్టినావ్?"

"పేరాలో అట్ల రాసినారు."

నాకు మండిపోయింది. లేచి నిలబడ్డాను. "యాడనో కుర్చీలో కూర్చోని ఎవుడో రాసిన దానికోసం మీ గూడెం నిజాన్ని ఇడిసిపెడ్తావా? ఒక్క మార్కుకు అమ్ముకుంటావా?"

"అప్పా, ముందు టికెట్ తీసుకోని తర్వాత కొట్లాడు," అన్నాడు కండక్టరు.

లూదియా ఏదో అంది. బస్సు చప్పుడులో వినబడలేదు.

ఇరవై ఏడుకు కీలో మూడు అని రాశాను. బస్సు కీ ప్రకారం లూదియాకు ముప్పై నాలుగు, సుమలతకు ఇరవై ఎనిమిది, రఫీక్‌కు ఇరవై రెండు. ముప్పై దాటనివాళ్ళు ఆశ వదులుకోవాలన్నది కూడా ఆచారమే. సుమలత మిగతా దారంతా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. అటువైపు శనగ చేలు బాగున్నాయి.

నవంబరు 10

సుమలత పొద్దున్నే బట్టల సంచి తీసుకుని గూడేనికి పోయిందట. ఉసిరికాయల కాలం, అమ్మకు సాయంగా ఉంటానందట. మంచిదే. చదువుకున్నవాళ్ళు జనం మధ్యకు పోవాలని నేనెప్పుడూ చెబుతూనే ఉన్నాను.

నవంబరు 13

రాతపరీక్ష నెగ్గినవాళ్ళకు ఉండే మౌఖిక పరీక్షలో ఏం మాట్లాడాలో రాసుకుంటున్నాను. ఏడు పేజీలైంది. అమ్మకు చదివి వినిపించాను. అమ్మ దిండు గలీబు కుడుతూ విన్నది. అయిపోయాక, "వాళ్ళు ఏమడుగుతారో తెలియకుండానే అన్నీ చెప్పేస్తివే కొడకా," అంది.

మా అమ్మ మీరాబీ గారికి రాజకీయం తెలియదు.

నవంబరు 17, సోమవారం

ట్రస్టు వాళ్ళు వెబ్‌సైటులో కీ పెట్టారు. ముప్పై మూడు.

కీ తప్పు.

అదే రోజు, సాయంత్రం

రెండోసారి దిద్దుకున్నాను. ముప్పై మూడే. నేను సరిగ్గా రాసిన పదకొండు ప్రశ్నల్ని వాళ్ళు తప్పంటున్నారు. లూదియాకు ముప్పై రెండు. రఫీక్‌కు పంతొమ్మిది. "నాకు రెండు కీలూ సమానంగానే అన్యాయం జేసినాయప్పా," అని రఫీక్ మిరపకాయ బజ్జీలు తిన్నాడు. వీడిలో చైతన్యం లేదు.

అభ్యంతరాలు చెప్పడానికి మూడు రోజులు గడువిచ్చారు. మూడు రోజులు నాకు ఎక్కువ.

నవంబరు 18

నాలుగు పేజీల అభ్యంతర పత్రం రాశాను. పేరు 'ఎవరి కీ? ఎవరి కోసం?' మొదటి పేజీలోనే ట్రస్టును కడిగేశాను. రఫీక్ సంతకం పెట్టాడు, చదవకుండానే. లూదియా చదివింది, సంతకం పెట్టలేదు. శాంతయ్య సారు సంతకం ఉంటే బరువుంటుందని చదువుగదికి పోయాను. ముప్పై ఏళ్ళు బడిలో చెప్పిన మనిషి. కళ్ళద్దాలు పెట్టుకుని నాలుగు పేజీలూ చదివాడు.

"బాగా రాసినావ్‌రా ముబారకూ. చెయ్యి తిరిగింది."

"సంతకం సార్."

"పెడ్తాలే. ముందు ఒక ప్రశ్న చదివి వినిపీ నాకు."

"ఇరవై ఏడు సార్. తేనె తీసే మనిషి తాడును పైన పట్టుకునేది..."

"ముందు నుంచి చదువురా."

"ముందు నుంచే చదువుతాండా సార్."

ఆయన ప్రశ్నపత్రాన్ని నా చేతిలోంచి తీసుకుని, ప్రశ్న మొదట్లో వేలు పెట్టి చూపించాడు. నా ముఖం వైపు చూడలేదు. అది ఆయన మంచితనం.

నవంబరు 19

పదకొండు ప్రశ్నలూ మళ్ళీ చూశాను. పదకొండూ 'పేరా ప్రకారం' అని మొదలవుతున్నాయి.

ఈ రెండు మాటలూ నాకు కనబడలేదంటే ఎవరూ నమ్మరు. నేనూ నమ్మను. కానీ నా ప్రశ్నపత్రం అంచుల నిండా నా రాతే ఉంది. 'ఇది భూస్వామి చూపు.' 'కూలి లెక్క ఏది?' 'అబద్ధం!' అంచులు చాలక ఇన్విజిలేటరును తెల్లకాగితం అడిగాను కూడా. పేరాతో కొట్లాడే పనిలో ఉన్నవాడికి ప్రశ్న ఎక్కడ కనబడుతుంది?

నాయనకు చెప్పాను. పాత పరుపు విప్పి దూది ఆరబోస్తున్నాడు. "నేను దూదిని ఏకేటప్పుడు దూదితో కొట్లాడను నాయనా," అన్నాడు. "గింజ యాడుందో చూస్తా."

ఒకటి రాయడం మరిచాను. సుమలత ఆ పదకొండూ సరిగ్గా పెట్టింది. జవాబులన్నీ నా నోటుబుక్కులోనే ఉన్నాయి కదా, కూడి చూశాను. ముప్పై తొమ్మిది. చెప్పాలి. ఫోన్ అందుబాటులో లేదు. గూడెంలో సిగ్నల్ ఉండదు. ఎట్లాగూ జాబితా వస్తుంది. అప్పుడు చెప్పొచ్చు.

నవంబరు 24, సోమవారం

జాబితా వచ్చింది. సుమలత తొమ్మిదో పేరు.

శనివారం 29న నంద్యాలలో మౌఖికం. ఒక పేజీ గట్టిగా చదివించి ప్రశ్నలడుగుతారట. అసలు సర్టిఫికెట్లు తేవాలి. రానివాళ్ళ సీటు వరసలో తర్వాతివాళ్ళకు పోతుంది.

వరసలో తర్వాతివాళ్ళ జాబితా కూడా పెట్టారు. అందులో మొదటి పేరు షేక్ ముబారక్.

నాకు సీటు ముఖ్యం కాదు. ఇది రాసి పెడుతున్నాను.

నవంబరు 25

కొత్తపల్లె వైపు బస్సులు సరిగ్గా లేవంట.

ఎవరు చెప్పారో గుర్తు లేదు.

నవంబరు 26

నాకు సీటు ముఖ్యం కాదు. కానీ ఒక సంగతి ఆలోచించాలి. సుమలత తనంతట తనే పోయింది. ఎవరూ పొమ్మనలేదు. జాబితా ఎవరైనా చూసుకోవచ్చు. వెబ్‌సైటు అందరిదీ. పైగా సీటు నాకొస్తే నేను చదువుకుని చెప్పేది ఎవరికి? ఇట్లాంటి గూడేల పిల్లలకే కదా. మొత్తం మీద చూస్తే

రఫీక్ వచ్చి ఆపేశాడు. మంచం మీద కూర్చుని ఉసిరికాయ కొరుకుతున్నాడు. ఎక్కడ దొరికిందో, కావాలనే తెచ్చాడో.

"ఇంకా మూడు రోజులే గదప్పా," అన్నాడు.

"ఏంది మూడు రోజులు?"

"ఏంలా. గమ్మునుంటే నీ విప్లవం గెలుస్తాది."

వాడి చెప్పు తీసి గోడ అవతలికి విసిరాను. వాడు రెండోది కూడా విప్పి నా చేతికిచ్చాడు. "ఒకటి ఆడ, ఒకటి ఈడ ఎందుకు, రెండూ ఒకచోటే ఉండనీ," అన్నాడు. విసరలేదు. చెయ్యి రాలేదు.

వాడు పోయాడు. ఇప్పుడు నిజం రాస్తాను. ఆ రోజు బస్సులో లూదియా అన్నది నాకు వినబడింది. "నువ్వు పెట్టిన మూడు మాత్రం గూడెం నిజమా?" అంది. పేరా చెప్పింది ఒకటి. గూడెం చెప్పేది రెండు. మూడు అన్నది ఎవరు చెప్పారు? నేను. గూడెం నిజం గురించి గూడెం పిల్ల మీద కేకలేసి, తప్పు జవాబును కీలో ఎక్కించి, ఆమెకు ఇరవై ఎనిమిది మార్కులు వేసి ఇంటికి పంపించాను.

రేపు మొదటి బస్సు ఐదున్నరకు. కనుక్కున్నాను. బస్సులు బాగానే ఉన్నాయి.

నవంబరు 27, గురువారం

లూదియా వాళ్ళింట్లో సుమలత సర్టిఫికెట్ల ఫైలు తీసుకున్నాను. లూదియా ఫైలుకు ప్లాస్టిక్ కవరు తొడిగి ఇచ్చింది. నంద్యాల, ఆత్మకూరు, కొత్తపల్లె. అక్కడ నుంచి ఆటో. ఆటో ఆగినచోటు నుంచి నడక. దారిలో ఏం మాట్లాడాలో అనుకుంటూనే ఉన్నాను. మూడు ఉపన్యాసాలు తయారయ్యాయి.

గూడెం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. సుమలత వాళ్ళమ్మ వీరమ్మ ఇంటి ముందర ఉసిరికాయలు ఆరబోస్తోంది. నన్ను చూసి, "ఎవరు నాయనా? ఫారెస్టోళ్ళా?" అంది.

"కాదమ్మా. ముబారక్. ఆళ్లగడ్డ."

"ఓ, అరిచేటాయన నువ్వేనా!" అని సంతోషంగా లోపలికి తిరిగి, "సుమా, బస్సులో అరిచినాయన వచ్చినాడు!" అని పిలిచింది.

మొదటి ఉపన్యాసం అక్కడే పోయింది.

సుమలత లోపలి నుంచి వచ్చింది. వెనకాలే వాళ్ళన్న రాము, చేతిలో చిక్కుపడిన తాడు.

"ఏంది, కీ మారిందా?" అంది.

"మారలేదు. అంటే, అది మారలేదు. మనదే... నాదే తప్పు."

"ఏమన్నావ్? మళ్ళీ చెప్పు, మాయన్నకు వినపడలా."

"తప్పు నాది," అన్నాను, గట్టిగా. గూడెంలో కుక్క కూడా లేచి చూసింది. రెండో ఉపన్యాసం కూడా పోయింది.

జాబితా చూపించాను. ఫోన్ తీసుకుని తన పేరును రెండుసార్లు చదువుకుంది. నవ్వలేదు. కూర్చుని, ఒక ఉసిరికాయ తీసి పక్కన పెట్టి, మళ్ళీ కుప్పలో వేసింది.

"మార్కులు తక్కువొచ్చినాయని రాలా నేను," అంది. "అమ్ముకున్నావంటివే, దానికి వచ్చినా. వచ్చినంక మాయన్నను అడిగినా. అన్నా, నేను అబద్ధం పెట్టినానా అని."

"నేనేం చెప్పినా?" అన్నాడు రాము, తాడు చిక్కు తీస్తూనే. "ఆ పేరా రాసినాయనకు బామ్మర్ది లేడేమో పాపం అని చెప్పినా."

వీరమ్మ నవ్వింది. సుమలత కూడా నవ్వింది. నేను నవ్వొచ్చో లేదో తెలియక ఫైలు చేతులు మార్చుకున్నాను.

"పేపర్లో తేనె పేపర్లోది ముబారకూ," అంది. "కొండలో తేనె కొండలోది. పేపర్లో అడిగినప్పుడు పేపర్లోది చెప్తా. వాళ్ళు ఈడికొచ్చి అడిగితే అప్పుడు ఇది చెప్తా. రెండూ నాకు తెలుసు. ఒక్కటే తెలిసినోళ్ళకు కష్టం."

వీరమ్మ నాకు రెండు ఉసిరికాయలు, చెంబుతో నీళ్ళు ఇచ్చింది. "కాయ తిని నీళ్ళు తాగు. అప్పుడు మాట తియ్యగొస్తాది."

తాగాను. నీళ్ళు నిజంగానే తియ్యగా ఉన్నాయి. మాట మాత్రం అదే పాత గొంతుతో వచ్చింది. "శనివారం పొద్దున తొమ్మిదికి. పోకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు."

"ఎవరికి?" అని అడిగాడు రాము.

మూడో ఉపన్యాసంలో ఈ ప్రశ్న లేదు.

"నాకు," అన్నాను.

రాము చేతిలో తాడు ఆగింది. "తాడు బామ్మర్ది చేతికే ఎందుకిస్తారో తెలుసాప్పా? కిందికి దిగినోడు పడితే ఏడ్చేది బామ్మర్ది సొంత అక్క. పోగొట్టుకునేది ఉండేటోడే గట్టిగా పట్టుకుంటాడు. నువ్వేమో... మా చెల్లి పడితే నీకు లాభం. ఎట్ల నమ్మాల నిన్ను? ఎందుకొచ్చినావ్?"

గోతాం నిండా కరపత్రాలు చదివినవాణ్ణి. ఫైలు సుమలత చేతికిచ్చాను. ఆమె కవరు విప్పి ఒక్కో సర్టిఫికెట్టూ లెక్క చూసుకుంది. అన్నీ ఉన్నాయి. ఆఖరుదాని కింద నా నాలుగు పేజీల అభ్యంతర పత్రం కూడా వచ్చింది. సంచిలో దేనితో కలిసిపోయిందో.

"ఇదేంది?"

"ఏం లేదు. పారేయి."

"ఒక వైపే రాసినావ్. వెనకంతా తెల్లగుంది," అంది, మడిచి ఫైల్లో పెట్టుకుంది.

నవంబరు 28

కాళ్ళు నొప్పులు. నాయన కొత్తగా నింపిన పరుపు వేశాడు. ఎక్కడికి పోయొచ్చావని అడగలేదు. రఫీక్ అన్నీ చెప్పేసినట్టున్నాడు. చెప్పులు రెండూ వాకిట్లో విడిచి, ధైర్యంగా వచ్చి కూర్చున్నాడు.

సుమలత వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు.

నవంబరు 29, శనివారం

నంద్యాలలో ట్రస్టు ఆఫీసు ముందు ఎనిమిదికే నిలబడ్డాను. లోపలికి పోవడానికి నాకు పిలుపు లేదు. ఎనిమిదీ నలభై అయింది. గుమాస్తా బయటికొచ్చి వెయిటింగు లిస్టు వాళ్ళెవరైనా వచ్చారా అని అడిగాడు. ఎవరూ రాలేదని చెప్పాను.

ఎనిమిదీ యాభైకి ఆటో దిగారు, రాము, సుమలత. రాము భుజం మీద ఉసిరికాయల మూట. "ఎట్లా వస్తిమి గదా, మార్కెట్లో వేసిపోదామని," అన్నాడు.

సుమలత లోపలికి పోయింది. రామూ నేనూ టీ తాగాం. నేను ఏ పేజీ చదివిస్తారో, ఏమడుగుతారో అని నాలుగు విధాలుగా ఊహించి చెబుతుంటే, "గమ్మునుండప్పా, తేనె తీసేటప్పుడు పైనోడు అరవగూడదు," అన్నాడు. గమ్మునున్నాను. నలభై నిమిషాలు. నా జీవితంలో ఇదే ఎక్కువ.

పన్నెండు దాటాక బయటికొచ్చింది. చేతిలో చేరిక కాగితం. సోమవారం నుంచి క్లాసులు. రాము ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, మడిచి చెల్లెలికే ఇచ్చి, మూట ఎత్తుకున్నాడు.

పోయేముందు సుమలత నా చేతిలో ఒక కాగితం పెట్టింది. నా అభ్యంతర పత్రం మొదటి పేజీయే, వెనక్కి తిప్పి ఉంది. లోపల తన వంతు కోసం కూర్చున్నప్పుడు రాసిందట.

"బస్సులో చెయ్యి. ఎవర్నీ అడగొద్దు. వచ్చే ఏడు నువ్వు కూడా రాయాల గదా, ప్రాక్టీసు," అంది.

శిరివెళ్ల దాటాక విప్పాను. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

'కింది పేరాను చదివి ప్రశ్నలకు జవాబు గుర్తించుము. ముబారక్ అను యువకుడు ఆళ్లగడ్డలో నివసించును. అతని గొంతు పెద్దది. ఒకనాడు అతడు మూడు బస్సులు మారి, ఒక ఆటో ఎక్కి, ఆపై నడచి గూడెమునకు వచ్చెను. అతడు రాకున్నచో అతనికి సీటు వచ్చియుండెడిది. అతడు రెండు ఉసిరికాయలు తిని, నీళ్ళు తాగి, వెళ్ళిపోయెను.

1. పేరా ప్రకారం ముబారక్ ఎన్ని బస్సులు మారెను?

2. పేరా ప్రకారం ముబారక్ గొంతు ఎట్టిది?

3. పేరా ప్రకారం ముబారక్ గూడెమునకు ఎందుకు వచ్చెను? (1) జనము కొరకు (2) సిద్ధాంతము కొరకు (3) ఉసిరికాయల కొరకు (4) పేరాలో చెప్పలేదు.'

మొదటిదానికి మూడు. రెండోదానికి పెద్దది. వాదించలేదు.

మూడో ప్రశ్నకు పేరా ఐదుసార్లు చదివాను. నాలుగు చుట్టూ సున్నా చుట్టాను.

కాగితానికి అంచులు వెడల్పుగానే వదిలింది. ఏమీ రాయలేదు.